సున్నపు బట్టీ

రోము శిథిలాల్లో లందొల్ఫో సున్నం కాలుస్తాడు.
ఈ పూట బట్టీకి ఒక పాలరాతి చెయ్యి,
సగం మోకాలు,
పేరెవరికీ గుర్తులేని దేవత తల.
పెదవి మడతలో ఇంకా పిసరంత పాత ఎరుపు.

"ముక్కు ముందే పోయిందిలే"
అంటాడు, తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు.

మూడు రాత్రులు మంట.
నీళ్లు పోస్తే బుస్సుమంది రాయి,
వెయ్యేళ్లు బిగబట్టిన ఊపిరి.

కొండమీది చర్చిలో, పచ్చి గోడమీద
గిసుల్ఫో మరియమాతకు కళ్లు దిద్దుతున్నాడు,
పూత ఆరేలోగా.
కాలం ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెడుతుందంటారు.
ఇక్కడ రెండు కళ్లకీ సున్నమే.

ఆదివారం లందొల్ఫో
బొబ్బలెక్కిన చేతులు జోడించి తలెత్తాడు.
ఎక్కడో చూసిన ముఖం.

ముక్కు మాత్రం
ఇప్పుడు నిండుగా ఉంది.