ఖాళీ గూడు

డులూత్‌లో ఫిబ్రవరి అంటే
తలుపు తీసినప్పుడల్లా సరస్సు లోపలికొచ్చి కూర్చుంటుంది.
లాండ్రీ వెనక గది మాది.
గోడకవతల ఎవరివో దుప్పట్లు గిరగిరా తిరుగుతుంటాయి,
ఆ వెచ్చదనం పుణ్యాన
మా వేళ్లు పాచికలు పట్టుకోగలుగుతాయి.

ఆట నడిపేది నేను.
అట్టముక్క చాటున రాక్షసుల ప్రాణాలు
పెన్సిల్‌తో రాసి, రబ్బరుతో చెరిపే ఉద్యోగం.

ఆ రాత్రి మార్లిస్ దగ్గర ఎనిమిది వేల బంగారు కాసులున్నాయి.
అసలు పర్సులో స్కూలు బస్సు డ్రైవరు పింఛను, రెండు కూపన్లు.
ఆటలో ఆమె మంత్రగత్తె, పేరు ఇస్వెల్,
నడుముకి ఒక బాకు.
ఏడాదిన్నరగా దానితో జున్ను కోసిందే తప్ప
ఎవర్నీ పొడిచిన పాపాన పోలేదు.
కమ్మరి అడిగాడు, అంటే నేనే, గొంతు బొంగురు చేసి:
"ఏ మహిమ ఎక్కించమంటావమ్మా దీనికి?"

"మంట," అంది ఐలా.
పదహారేళ్ల పిల్లకి ఏ ప్రశ్నకైనా జవాబు మంటే.
టోయివో కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.
ముప్పై ఏళ్లు ఖనిజం రేవులో తూకాలు రాసిన మనిషి.
"మంట పుట్టేది పొడిచినప్పుడు కదా?
నువ్వు పొడిచేంత దగ్గరికి శత్రువొచ్చాడంటే
అప్పటికే మేం ముగ్గురం పోయినట్టు లెక్క.
విసిరితే తిరిగొచ్చే గుణమా,
నీ గురి సంగతి ఈ బల్లకి తెలుసు.
కాపు కాసే గుణం తీసుకో. దూస్తే చాలు, డాలై నిలబడుతుంది.
మంత్రగత్తెకి కత్తి కొట్టడానికి కాదు,
ఇంకో మంత్రం చదివేదాకా బతికుండడానికి."
నిజమే. పుస్తకం కూడా అతని పక్షమే.

మార్లిస్ పేజీలు తిప్పింది.
అద్దంలో వెనక సీట్ల పిల్లల్ని లెక్కపెట్టినట్టు
ఒక్కో వరసా చూసింది.
చివరికి ఒకదాని మీద వేలు పెట్టింది.
ఆ గుణం ఉన్న కత్తిలో ఏమీ ఉండదు, ఒక గూడు తప్ప.
ఎవరైనా ఒక మంత్రం అందులో పెట్టి వెళ్లొచ్చు.
ఒక్కటే. వాడేస్తే మళ్లీ ఖాళీ.

"ఎనిమిది వేలు పోసి ఖాళీ కొంటావా?" టోయివో.

ఆరిన్ అప్పటిదాకా నోరు విప్పలేదు.
మా వైద్యుడు అతనే. ఆటలో తెల్ల అంగీ,
బయట ఓడ ఇంజను గదిలో నూనె మరకలు.
మార్చి చివర లాకులు తెరుస్తారు, అతను ఓడెక్కుతాడు,
మళ్లీ సరస్సు గడ్డకట్టేదాకా రాడు.
అందరికీ తెలిసిందే, ఎవరూ ఎత్తలేదు.
మార్లిస్ తన కాగితం అతని వైపు జరిపింది.
"ఏదో ఒకటి పెట్టి వెళ్లు."
గాయం మాన్పే మంత్రం రాశాడు,
ఒక్కో అక్షరం మరలా బిగించి.

ఏప్రిల్ పోయింది, మే పోయింది.
ఇస్వెల్ రెండుసార్లు చావు అంచుదాకా వెళ్లింది.
ఒకసారి, ఇప్పుడైనా ఒప్పుకోవాలి,
అట్ట చాటున పాచికని గోటితో తిప్పాను.
బాకు మాత్రం ఒరలోంచి రాలేదు.
అది ఇంక కత్తి కాదు, తాయెత్తు అనుకున్నాం.

జూన్‌లో ఒక కనుమ దారి.
రాళ్లు దొర్లి మా సామాన్ల కంచరగాడిద మీద పడ్డాయి.
దానికి పేరు లేదు.
నా లెక్కల్లో "గాడిద, పది కాసులు."
కథ కాస్త బరువెక్కుతుందని దాన్ని చంపబోయాను.
ఇస్వెల్ మోకాళ్ల మీద కూర్చుని బాకు దూసింది.
పొడిస్తేనే మంత్రం విడుదలవుతుందని నియమం,
టోయివో గుర్తు చేయనే చేశాడు.
ముల్లు గుచ్చుకున్నంత, విరిగిన కాలి పక్కన.
ఇన్నాళ్లకి అదే ఆమె మొదటి పోటు.

బల్ల గొల్లుమంది.
"ఎనిమిది వేల కత్తి! పది కాసుల గాడిద!"
టోయివో నెత్తి కొట్టుకున్నాడు.
"ఆరిన్ ఉంటే ఏం చేసేవాడు?" అంది మార్లిస్,
అతని అక్షరాలు రబ్బరుతో చెరుపుతూ.
కాగితం చిరగకుండా, నెమ్మదిగా.
గోడకవతల ఒక యంత్రం తిరగడం ఆగింది.

ఐలా ఓడకి కబురు పంపింది.
హ్యూరాన్ సరస్సు మీద ఎక్కడినుంచో
గంట తర్వాత జవాబు:
"గాడిద పేరేంటి?"

ఆ పేరు దగ్గర మొదలైన గొడవ
ఏ ఆయుధం దగ్గరా జరగలేదు.
పదకొండయింది, లాండ్రీ దీపాలార్పేశారు,
ఇంకా తేలలేదు.
బాకులో గూడు ఖాళీ.
సరస్సు గడ్డకట్టడానికి ఏడు నెలలుంది.