గుర్రానికి పేరు లేదు

మిస్ హాలొవెల్ గారూ,
ఇది డెల్ఫీన్ సీర్ నోటుపుస్తకం, ఏడో తరగతి, రెండో పీరియడు.
అట్ట మీద మట్టి మరక నా తప్పు కాదు.
మీరు పోర్ట్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చారు కాబట్టి చెప్తున్నాను,
బంగాళాదుంపలు తవ్వే మూడు వారాలు ఇక్కడ బడి ఉండదు.
దీన్ని ట్రక్కులో మర్చిపోయాను.

మొదటి ప్రశ్న. కథలో ముఖ్య పాత్ర ఎవరు?
ముసలాయన అని అందరూ రాశారు.
గుర్రం అని నేను రాశాను.
ముసలాయన పద్దెనిమిది సార్లు మాట్లాడాడు, లెక్కపెట్టాను.
గుర్రం ఒక్కమాటా అనలేదు.
అయినా కొట్టంలో అది కాలు మార్చి నిలబడ్డప్పుడల్లా
చదవడం ఆపి విన్నాను.

రెండో ప్రశ్న. గుర్రం దేనికి ప్రతీక?
బ్రెంట్ స్వేచ్ఛ అన్నాడు. మీరు బోర్డు మీద రాశారు.
కైలా కాలం అంది. అదీ రాశారు.
నాకు చెయ్యెత్తాలనిపించలేదు.
గుడ్డిగుర్రం ముందు ఒక గుర్రం.
మూతి కింద అరచెయ్యి పెడితే తడి ఊపిరి తగులుతుంది,
వెంట్రుకలు గుచ్చుకుంటాయి.
చలికాలానికి మేత చాలదు.
ఇది ప్రతీక కాదండీ, లెక్క.
ప్రతి అక్టోబరులో మా నాన్న వంటింటి బల్ల దగ్గర
కరెంటు బిల్లు వెనక వేసే లెక్క.

మూడో ప్రశ్న. రచయిత మనకి ఏం చెప్పలేదు?
ఇది మంచి ప్రశ్న.
నలభై ఒకటో పేజీలో కొడుకు తుపాకీ తీసుకుని
కొట్టం వెనక్కి వెళ్తాడు.
తర్వాత ఒక ఖాళీ వరుస.
ఆ కిందే మంచు కరిగిపోయి ఉంటుంది,
ఎవరో కిటికీలు కడుగుతుంటారు.
ఆ ఖాళీ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.
కాగితం అక్కడా మిగతా చోట్లలాగే ఉంది.

మా ఇంట్లోనూ అలాంటి వరుస ఒకటుంది.
పోయిన మార్చిలో నది ఒడ్డు పొలం వేలం వేశారు,
అవతల కెనడా కనిపించేదే, అది.
కోటు వేసుకున్న ఒకాయన ట్రాక్టర్ చుట్టూ తిరిగి
టైర్లు తన్ని చూశాడు.
నాన్న తాళంచెవి ఇచ్చేశాడు,
దాని రింగు మాత్రం విప్పుకుని జేబులో వేసుకున్నాడు.
ఆ రాత్రి అమ్మ ప్లోయిలు పోసింది,
ఒకవైపే కాలే మా పసుప్పచ్చ అట్లు.
సిరప్ సీసా చేతులు మారింది.
ఎవరూ ఏమీ అనలేదు.
మర్నాడు బళ్ళో విశేషణాలు చెప్పారు.

నాలుగో ప్రశ్న. కథ ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్ళేమన్నారో రాయండి.
మెమేర్‌కి చెప్పాను. మా నాన్నమ్మ.
ఆమెకి ఇంగ్లీషు వచ్చు, కానీ నమ్మదు.
చిన్నప్పుడు బళ్ళో ఫ్రెంచి మాట నోరు జారితే
ఇంకెప్పుడూ మాట్లాడను అని వందసార్లు రాయించారట,
ఇంగ్లీషులో.
అందుకని ఫ్రెంచిలోకి మార్చుకుంటూ చెప్పాను.
కొట్టం అన్న మాట దగ్గర తడబడితే తనే అందించింది.
ఖాళీ వరుస వచ్చినప్పుడు నేనూ ఆగాను.
మెమేర్ అల్లిక ఆపలేదు.
కాసేపయ్యాక, దాని పేరేంటే, అంది.
కథలో లేదన్నాను.
రాసినవాడికి గుర్రాలు తెలీవు, అంది.

ఆ తర్వాత వాళ్ళ నాన్న గుర్రం సంగతి ఎత్తింది.
అడవిలోంచి మొద్దులు లాగేదట.
చలికి ఒక చెవి సగం రాలిపోయిందట.
నది గడ్డకట్టాక, మంచు పల్చగా ఉన్నచోట
ఎంత అదిలించినా అడుగు వేసేది కాదట.
గ్రిజెట్.
చివరికి ఏమైందని నేను అడగలేదు,
తను చెప్పలేదు.

ఐదో ప్రశ్నకి చోటు చాల్లేదు.
పోయినసారి మీరు ఎర్ర ఇంకుతో
ఇంకా వివరంగా అని రాశారు.
ఇంతకంటే వివరంగా నాకు తెలీదండీ.
ఒక పని మాత్రం చేశాను.
బడి పుస్తకంలో గీతలు గీయకూడదు, తెలుసు.
నలభై ఒకటో పేజీ ఖాళీ వరుసలో
పెన్సిల్‌తో, బాగా చిన్నగా,
దాని పేరు రాశాను.
మార్కులు ఎన్నైనా కోసుకోండి.
రబ్బరు మాత్రం పెట్టకండి.