పోగు గుంజుండ్రి

నారాయణపేటల, సొసైటీ ముందటి షాబాద్ బండ మీద
ఉలితో చెక్కిన పులిమేక.
ఎవరు చెక్కిండ్రో ఎవరికి ఎరుక లేదు.
పైన ఒక్క కొస. ఆడికెళ్లి కిందికి నాలుగు గీతలు,
అడ్డంగ ఇంకో నాలుగు. ఇరువైమూడు చుక్కలు.
మూడు పెంకాసు ముక్కలు పులులు.
మేకలు పదిహేను చింతపిక్కలు,
నింగమ్మ పొద్దుగాల యేంచి తెచ్చినయి.

బువ్వయాళ్లకు మగ్గాలు ఆగినయి.
పులులు ఉసేనప్పయి, మేకలు నాయి.

పదిహేనూ పెట్టేదాక ఏ మేకా జరగొద్దు.
తెలుసు. అయినా నా వేలు రెండుమాట్లు ఉరికింది,
రెండుమాట్లు "దించు" అన్నడు.
దించిన.

పై పులి జాగ ఇడిచినంక
కొస మీద ఒక మేకను కూసోబెట్టిన.
ఇంత ఎత్తుకు ఎవడొస్తడు అనుకున్న.
ఎడమ వాలు మీదికెళ్లి పెంకాసు లేసి
మేక నెత్తి దాటి కుడి వాలు మీద దిగింది.
"తిన్న."
"ఎట్ల తింటవ్? గీత వంగింది గదా!"
"వంగితేంది? తెగలేదు గదా!"
"మా కోస్గి దిక్కు గట్లనే ఆడుతరు," ఆసు పోసే మల్కప్ప.
"మక్తల్ల ఆడరు," ఇంకెవరో.
అన్నాలు సల్లారినయి.

కండె చుట్టుడు ఆపి నింగమ్మ లేసింది.
తీర్పు చెప్పలే.
రాట్నం కాడికెళ్లి మూరెడు పోగు తెంపుకొచ్చింది,
ఎర్రది, కొంగుకు రంగద్దింది.
"పులి లేసిన చుక్క మీద నువ్వు పట్టు.
దిగిన చుక్క మీద నువ్వు.
ఇగ గుంజుండ్రి."

గుంజినం.
పోగు కొసను తాకనే లేదు.
బెత్తెడు కింద, అడ్డగీత మీద సక్కగ పండింది.
పైన మేక ఒక్కతే కూసోని చూస్తున్నట్టుంది.

"పులి, మేక, ఖాళీ జాగ.
మూడూ ఒక్క పోగు కిందికి రావాలె.
రాకుంటే దాన్ని దుంకుడు అనరు, దొంగతనం అంటరు."
"వరుసగ రెండు మేకలుంటే?"
"పోగు సక్కగనే ఉంటది. దిగెతందుకు జాగ ఉండది."
"ఒకదాన్ని తిని, ఆడికెళ్లి మళ్ల దుంకొచ్చా?"
నింగమ్మ జెరసేపు ఊకుంది.
"మా అమ్మ ఒద్దంటుండె. మా అత్త దుంకుతుండె.
ఇద్దరి మీదా ఓడిన.
గా ముచ్చట కూసునేటప్పుడే తెంపుకోవాలె,
తినేటప్పుడు గాదు."

ఉసేనప్ప పెంకాసు ఎనకకు జరిపిండు.
"ఇగ మేకను ఇచ్చెయ్," అన్నది.
ఇద్దామంటే లేదు.
చచ్చిన మేకలన్ని నాకే అని ముందే ఒప్పందం చేసుకున్న
నింగమ్మ మనుమడు బుగ్గడు
పక్కకు మొకం తిప్పుకొని కూసున్నడు.
దవడల నడుమ టక్కుమన్నది.

ముసల్ది ఏమనలే. వాని అంగిది మీది గుండీ
పుటుక్కున తెంపి కొస మీద పెట్టింది.
"ఇదే మేక. ఆడుండ్రి."

ఆ ఆట నేను గెల్వలే.
గుండీ మాత్రం ఆఖరిదాక ఆడనే ఉంది,
ఏ పులీ తినలేని జాగల,
తెల్లగ,
ఏ పనికీ రాకుంట.