దుమ్ము దిగిన వారం

సహారా మళ్లీ లేచి వచ్చింది.
ఎదురుగా ఉండాల్సిన సాంతు ఆంతావ్ దీవి
మూడు రోజులుగా లేదు.
మిందేలు రేవులో పడవలు
చల్లారిన టీలో నానిన రొట్టె ముక్కల్లా ఉన్నాయి.
ఆరేసిన దుప్పటి దులిపితే ఎడారి రాలింది.
నా ముక్కు తలుపులు వేసుకుంది.

గొంతుకేం కాలేదు. అదే నా బాధ.
గొంతు పోతే సెలవిస్తాడు అదెరీతు,
ముక్కు దిబ్బడకి సెలవేమిటంటాడు.
"నువ్వు పాడేది నోటితోనే కదా, నిల్జా?"

నోటితో కాదు.
చెంప ఎముకల వెనక, కనుబొమల పైన
చీకటి గదులు కొన్ని ఉన్నాయి.
పాట గొంతులో పుడుతుంది గానీ
అక్కడికి వెళ్లి తల దువ్వుకుని
అప్పుడు నలుగురిలోకి వస్తుంది.
ఈ వారం ఆ గదుల్లో ఒక జిగురుమనిషి దిగాడు.
పగలు ఎడమ వైపు కూర్చుంటాడు,
నేను పక్కకి తిరిగి పడుకుంటే
తనూ బద్ధకంగా కుడి వైపుకి దొర్లుతాడు.
అద్దె లేదు, ఖాళీ చేసే ఊసూ లేదు.

మా భాషలో 'మార్' అంటే సముద్రం.
పెదాలు మూసి, ముక్కులోంచి కాస్త వదలాలి దాన్ని.
దారి లేకపోతే అది 'బార్' అయి పేలుతుంది.
సముద్రం గురించి పాడబోయి
సారాకొట్టు గురించి పాడి వచ్చాను గురువారం.
'మమా' అని అమ్మని పిలవబోతే 'బబా' అయింది,
అంటే చొల్లు.
నవ్వకండి. సరే, నవ్వండి.
వంట చేసే కుర్రాడు నవ్వాడు, నేనూ నవ్వాను,
నవ్వితే ఇంకా బిగుసుకుంది.

పైవాటాలో ఉండే ఎర్మెలిందా
నీలగిరాకు వేసి మరిగించిన గిన్నె పట్టుకుని దిగింది.
తువ్వాలు కింద నేనూ ఆవిరీ,
ఎవరి రహస్యమో వింటున్నట్టు తల వంచుకుని.
పొద్దున్నే లజీన్యా ఒడ్డుకెళ్లి
దోసిలితో ఉప్పునీళ్లు పీల్చాను,
కళ్లలోంచి కూడా వచ్చింది సముద్రం.
మందుల షాపులో చుక్కలు కొన్నాను:
నాలుగు గంటలు గేటు బార్లా తెరిచి
తర్వాత రెండు తాళాలు వేసే చుక్కలు.
వాటిని సంచి అడుగున దాచాను,
అప్పు ఇచ్చేవాడి నంబర్ దాచుకున్నట్టు.

శనివారం.
విమానాలు దిగలేదు, కొత్త మొహాలు లేవు.
ఎనిమిది మంది, ఒక కుక్క.
తెయోఫిలు నా వైపు చూడలేదు, అడగలేదు,
గిటార్ తీగలు ఒక మెట్టు దించాడు.
పై స్వరం దగ్గరికి నేను వెళ్లలేదు,
దాని గుమ్మం దాకా వెళ్లి చెప్పులు విప్పకుండా తిరిగొచ్చాను.
'మ' వచ్చిన చోటల్లా
పక్కనున్న అచ్చుని పట్టుకుని సాగదీశాను,
గోతిని దాటేవాడు గోడని పట్టుకున్నట్టు.
పాట బాగుందా? లేదు.
పాడైందా? అదీ చెప్పలేను.

మూల బల్ల దగ్గర ముసలి ఎవాంద్రు,
ఒకప్పుడు కస్టమ్స్‌లో గుమాస్తా,
లేచి వచ్చి నా మోచేయి తాకాడు.
"ఏడ్చి వచ్చినట్టున్నావు. ఎవరు పోయారు, అమ్మాయ్?"

ఎవరూ లేరనే చెప్పాలి.
మా భాషలో ఆ మాట 'నింగే'.
ఒక్క చిన్న మాట,
మొదలూ ముక్కులోనే, చివరా ముక్కులోనే.
నోరు తెరిచాను, మూసేశాను.
అతను టోపీ తీసి
నాకు పుట్టని ఎవరో మనిషి కోసం
చెరుకు సారా ఒక గ్లాసు తెప్పించి
నా ముందు పెట్టాడు.
తాగాను. వేడిగా దిగింది.
అబద్ధమాడానా? ఒక్క మాటైనా అనలేదు కదా.

రాత్రి మూడింటికి ఎడమ ముక్కు తెరుచుకుంది.
చప్పుడేమీ లేదు, చీమ నడిచినంత.
వెంటనే లేచి కూర్చున్నాను,
ఎంతసేపుంటుందో తెలియదు కదా.
చీకట్లోకి మెల్లగా అన్నాను: మార్.
ఇంకోసారి, కాస్త పొడుగ్గా: మార్.

గోడ అవతలి నుంచి చెల్లెలి కూతురు
"పడుకో పిన్నీ" అంది.