గానుగ పన్ను

దేవరకొండ తాసీలు కచేరిల
చెదలు విడిచిన ఉర్దూ దస్త్రం.
రిటైరైన గిర్దావరు మోయిజ్ సాబు
కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతుంటే
నేను ఎడమ నుంచి కుడికి వెతుకుతున్న,
నడుమ ఎక్కడన్న మా ముత్తాత దొరుకుతడని.

"తేలీ. గానుగ ఒకటి. పన్ను రెండు రూపాయలు.
ఎద్దు ఒకటి, మచ్చల మొకం, ఎడమ కన్ను లేదు."
మనిషి పేరు?
సాబు అద్దాలు తుడుచుకున్నడు.
"రాయలేదు బిడ్డా."

గంత ఒక్క కంటికే కట్టి ఉంటడు ముసలోడు,
మిగిలిన పేలిక భుజమ్మీద ఏసుకొని
కచేరికి వచ్చి ఉంటడు.
చెయ్యి తుడుసుకోక ముందే
"ఈడ పెట్టు" అంటే ఈడ పెట్టి ఉంటడు.

పేరుండాల్సిన గడిల
నువ్వులనూనె మరక, బొటనవేలంత.
కాగితం వెలుతురుకు పట్టిన.
అవతలి పేజీల ఎవరిదో పేరు
ఎడమ నుంచి కుడికి కనబడ్డది.