బార్ ఎత్తడం

విశాఖ నుంచి కారులో వచ్చిన మేనేజరు
కాశీబుగ్గలో మా జీడిపప్పు షెడ్డులో
గోడ మీద స్లైడు వేసి, ఫ్యాన్ కింద నిలబడి
"బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్" అన్నాడు.
తెలుగులో చెప్పడం నా పని.
బంతి మన కోర్టులో ఉందట, అన్నాను.

పొర వొలిచే బల్ల దగ్గర దాలమ్మ తలెత్తింది.
"మా ఎకరం సెక్కా కోర్టులోనే ఉందమ్మా,
పద్దెనిమిదేళ్లయిపోనాది.
ఆ బంతికి వాయిదా ఎప్పుడట?"

రోజుకి పది కిలోలు వొలిచేవాళ్లు
ఇక మీదట పన్నెండు వొలవాలి.
ఇంగ్లీషులో అది చాలా చిన్న మాట:
"లెట్స్ రైజ్ ద బార్."
బార్ పైకెత్తాలంట, అన్నాను.
"ఎత్తీమను, ఎత్తీమను!" గొల్లుమన్నారు అందరూ.
"ముందు సందు చివర్ది ఎత్తీమను,
మా ఇంటాయన కూలంతా అక్కడే దిగిపోతంది."

నవ్వు చూసి ఆయన కూడా నవ్వాడు.
"టీమ్ స్పిరిట్" అన్నాడు.

నేను నవ్వలేకపోయాను.
ఆమదాలవలసలో రైలు గేటు పక్క రేకుల షెడ్డులో
తెల్లారి నాలుగున్నరకి
నేను నిజంగానే బార్ ఎత్తినదాన్ని.
యాభై మూడు కిలోల తరగతి.
అరచేతుల నిండా తెల్లటి పొడి,
గిన్నెలో రాత్రి నానేసిన శనగలు.
"ఇంకో రెండున్నర ఎయ్యే గుంటా" అనేవారు సీపాన మాస్టారు.
వెయ్యమన్నాక
తనే వచ్చి వెనక నిలబడేవారు.

ఇప్పుడీ చేతులు నలుపు.
కటింగు మిషను దగ్గర పదకొండేళ్లు
జీడితొక్క నూనె కొరికిన నలుపు,
ఏ సబ్బుకీ లొంగదు.

మేనేజరు ఇంకా మాట్లాడుతున్నాడు.
గోల్ పోస్టు. ఫినిష్ లైను. సెకండ్ ఇన్నింగ్స్.
ఈయన ఏ ఆట ఆడి ఉంటాడా అని
బూట్ల వైపు చూశాను.

ఆటలో ఒక మర్యాద ఉంది సార్,
మాటలు తెచ్చుకున్నవాళ్లు
దాన్ని అక్కడే వదిలేసి వచ్చారు.
బరువు తల మీదికి లేచి
మోచేతులు బిగిసి, పాదాలు ఒక్క వరసకొచ్చి
ఒంట్లో వణుకు ఆగాక
ఎదురుగా కూర్చున్నాయన "డౌన్" అంటాడు.
అంతే, వదిలెయ్యొచ్చు.
దభీమని పడుతుంది చెక్క మీద.
ఎవరూ ఏమీ అనరు.

"ఏటంటన్నాడే?" దాలమ్మ అడిగింది.
పన్నెండు కిలోలు, అన్నాను.
"ఎన్నాళ్లు?"

ఆ ఒక్క మాటని
ఇటు నుంచి అటు
ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.

ఆయన స్లైడు మార్చాడు.