నడిమి రీలు

సోహార్ మాల్‌ల మూడో నంబరు తెర.
లైట్లు వెలిగేందుకు పది నిమిషాల ముందు
చీపురు, చెత్తడబ్బా పట్టుకొని
తలుపు కాడ నిలబడుడు నా డ్యూటీ.
మూడేండ్ల సంది నేను చూసినవన్నీ ఆఖర్లే.
ఎవలు ఎందుకు ఏడుస్తున్నరో తెల్వదు,
ఏడుపు మాత్రం కండ్లార చూస్త.

ఆ సినిమాకు జనం రాలే.
పాటల్లేవు, ఫైటింగుల్లేవు,
మాటలు కూడా పిసినారోని పైసల లెక్క.
ఒక్క టికెటు తెగినా ఆట ఆడాలె, అది రూలు.
ఆ ఒక్క టికెటు ఖల్ఫాన్ ముసలాయనది.
మంగళవారం మంగళవారం
ఎఫ్ వరుస, చివరి కుర్చీ.
చేతికర్ర పక్క సీట్ల కూసుంటది.
మగ్రిబ్ బాంగుకు ముందే లేస్తడు,
ఆఖరు చూడకుండనే పోతడు.

మూడో వారం తలుపు కాడ ఆగి అడిగిండు:
"ఆ లారీవాడు ఇల్లు చేరిండా?"
ఆయన హిందీ బొంబాయి రేవుల నేర్సింది,
నాది ఆర్మూర్ బస్టాండుది.
రెండూ కలిపితే ఒక చాయ్‌కి సరిపోతయి.

చెప్పిన: లారీ పోయింది బాబా.
తేనెటీగల ముసలామె సాగనంప రాలే.
మంచుల, కంచె మీద, ఒక్క గ్లౌజు వేలాడుతుంటది.
ఎర్రది.
ఒక్కటే ఎందుకో నాకు సమజ్ కాలే.

ఆయన అరచెయ్యి తిప్పి చూసుకున్నడు.
"లారీ చెడిపోయిన రాత్రి
ఉన్న జతల ఒకటి ఆమె వానికిచ్చింది.
ఇద్దరూ రెండో చెయ్యి జేబుల పెట్టుకొని నడిచిన్రు.
అది మొదట్లనే. నువ్వు చూడలే."

మరి కంచె మీదిది
వాడు మర్లిచ్చిందా?
ఆమెనే రెండోది కూడా వానికోసం పెట్టిందా?
నడుమ ఆయనకు నిద్ర పడుతదట.
నడుమ నేను నాలుగో తెర కాడ పాప్‌కార్న్ ఊడుస్త.

బేస్తవారం పోస్టరు మారింది.
కార్లు గాల్లకు లేసే సినిమా, హౌస్‌ఫుల్.
మంగళవారం ఆయన టికెటు కొనలే.
ఎస్కలేటర్ పక్క బెంచి మీద కూసోని
కర్ర జరిపి నాకు జాగ ఇచ్చిండు.
నా బ్రేకు పదిహేను నిమిషాలు.
"ఊఁ, నడుమ ఏమయ్యుంటది?"

కొట్లాడి ఉంటరన్న.
ఉప్పు ఎక్కువైందని, ఆమె చారు కాడ.
(ఆ కొట్లాట మా అవ్వది, తాతది.)
ఆయన శానసేపు ఆలోచించి
లారీవానికి సముద్రమంటే భయమన్నడు,
ఒక తమ్ముడు పడవ మీదికెల్లి మర్లి రాలేదన్నడు.
ఆ సినిమాల సముద్రం లేదు.
నేనేం అనలే.

సూపర్‌వైజర్ ఈల ఏసిండు.
ఇంకా లారీ బాగు కాలే.
అది వచ్చే మంగళవారం చూడాలె.